ఎడమ పెడలు

నాలుగు లక్షల పైచిలుకు పోసి కొన్న సైకిలుకు పెడళ్ళు రావు. ఖరీదైన రోడ్‌బైకులన్నిటికీ దాదాపు ఇదే పద్ధతి. ఎవరి బూట్లకి ఏ రకం బిగింపు కావాలో వాళ్ళే చూసుకుని విడిగా కొనుక్కోవాలి. ఈ సంగతి నాకు ముందే తెలుసు. మా పెద్దబాపుకు తెలీదు.

"కుర్చీ అమ్మి, కాళ్ళు వేరంగ అమ్మినట్టున్నది గదరా," అన్నాడు.

ఆయన జనగామలో ముప్పై ఏళ్ళ పైన సైకిల్ షాపు నడిపిన మనిషి. శుక్లం ఆపరేషన్ చేయించుకుని, నల్లద్దాలు పెట్టుకుని, వంగొద్దని డాక్టరు చెప్పాడు కాబట్టి మా ఫ్లాటు హాల్లో కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. నేను అట్టపెట్టె కోసి ఒక్కో భాగమే తీసి ఆయన చేతుల్లో పెడుతున్నాను. చూపు ఇంకా మసకే. చూడ్డం కాదు, తడమడమే. ఫ్రేము ఇస్తే ఒళ్ళో పెట్టుకుని గోటితో టక్కున కొట్టి చప్పుడు విన్నాడు.

"ఇనుము గాదు. అల్యూమినం గాదు. ఏందిరా గిది, పిట్టబొక్క లెక్కున్నది. ఎంత వడ్డది?"

లక్షన్నర అన్నాను. ఇంట్లోనూ అదే చెప్పాను. ఆయన పెదాలు కదుపుతూ లెక్క వేసుకున్నాడు. "గంటకెంత కిరాయి పెడ్తే ఎళ్తదో మరి," అన్నాడు.

రోడ్‌బైకుల చరిత్ర మీద ఎప్పట్నుంచో ఒక వ్యాసం రాద్దామనుకుంటున్నాను. ఎవరు ఏ ఏడు ఏ కొండెక్కి గెలిచారు, ఏ కంపెనీ ఎన్ని గ్రాములు తగ్గించింది, ఇలా. నోట్సు కూడా ఉంది. కానీ ఆ సాయంత్రం పెట్టె విప్పి సైకిలు బిగిస్తుంటే పెద్దబాపు ప్రతి భాగానికీ ఒకటే ప్రశ్న వేశాడు. ఇది చెడిపోతే ఎవడు బాగుచేస్తడు? ఆ ప్రశ్న పట్టుకుని వెళ్తే నా నోట్సులోని చరిత్ర మరోలా పేర్చుకుంది. ఇది ఆ పేర్పు.

పెడళ్ళతో మొదలుపెట్టాను. కుడిది సులువుగా ఎక్కింది. ఎడమది ఎంత తిప్పినా మర పట్టదు. బలం పెట్టబోతుంటే ఆ చప్పుడు ఆయన చెవిన పడింది.

"ఆగు ఆగు. ఎటు దిప్పుతున్నవ్? ఎడమ పెడలు ఎడ్డెమంటే తెడ్డెమంటదిరా. ఉల్టా దిప్పు."

ఉల్టా తిప్పితే రెండు చుట్లలో కూర్చుంది. ప్రపంచంలో ఏ సైకిలుకైనా ఎడమ పెడలు మర తిరగలేసి ఉంటుంది. తొక్కేటప్పుడు ఇరుసు తన గూట్లో కంటికి కనపడనంత సన్నగా దొర్లుతుంది. రెండు వైపులా మామూలు మరే ఉంటే, తొక్కేకొద్దీ ఎడమది తనంతట తనే ఊడొచ్చేస్తుంది. గుర్తు పెట్టుకోడానికి పెద్దబాపు సూత్రం చెప్పాడు: పానా పైకి నిలబెట్టి ముందు చక్రం వైపు నొక్కితే రెండూ బిగుస్తాయి, వెనక్కి గుంజితే రెండూ ఊడతాయి. ఆయన షాపులో అట్లాస్ సైకిలుకూ అదే సూత్రం, ఈ కార్బన్ పిట్టకూ అదే.

చైను చేతికిస్తే ఆయన బొటనవేలితో ఒక్కో లింకూ జరుపుతూ పోయాడు. "సన్నగున్నది గని, కొలత మనదే." నిజం. ఒక పిన్నుకూ పక్క పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం. మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ 1880లో రోలర్ చైను తయారుచేశాడు; 1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలు తెచ్చి, రెండు సమానమైన చక్రాలు, వెనక చక్రానికి చైను అనే రూపాన్ని స్థిరపరిచాడు. పాలడబ్బాలు మోసే సైకిలైనా ప్యారిస్ వీధుల్లో పరుగుతీసే సైకిలైనా ఇప్పటికీ అర అంగుళం చైనే తిప్పుతోంది. మారింది వెడల్పు. వెనక పళ్ళచక్రాలు ఒకటి నుంచి 12 అయ్యేసరికి, ఆ ఇరుకులో పట్టడానికి చైను చిక్కిపోయింది.

చక్రం దగ్గర కొంచెం ఆగాలి. తొలి పందేల్లో వెనక హబ్బుకు రెండు పక్కలా చెరో పళ్ళచక్రం ఉండేది. కొండ మొదట్లో దిగి, చక్రం ఊడదీసి, తిప్పి పెట్టుకుని, పైకెక్కాక మళ్ళీ దిగి మళ్ళీ తిప్పుకోవాలి. గేర్లు అప్పటికి లేక కాదు. సాంత్ ఎతియెన్‌లో వెలోసియో అనే మారుపేరుతో రాసే పాల్ ద వివీ గేర్ల కోసం పత్రిక పెట్టి మరీ వాదించాడు. కానీ టూర్ డి ఫ్రాన్స్ మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్ ఒప్పుకోలేదు. గేర్లు నలభై ఐదు దాటినవాళ్ళకి, పందెం గెలవాల్సింది కండలు, యంత్రం కాదు అనేది ఆయన వాదం. (నాకు నలభై రెండు. దెగ్రాంజ్ లెక్కన ఇంకో మూడేళ్ళు ఆగాలి.) గేరు మార్చే డిరెయిలర్‌ని టూర్‌లోకి 1937లో గానీ రానివ్వలేదు. అప్పటికి దెగ్రాంజ్ పగ్గాలు వదిలేశాడు.

ఆ మధ్యకాలపు కథే తుల్లియో కంపాన్యోలోది. ఇటలీలో క్రోచే దావునే కనుమ మీద మంచులో, చలికి వేళ్ళు కొయ్యబారి, చక్రం రెక్కనట్లు విప్పలేక పందెం పోగొట్టుకున్నాడని, ఆ కసితోనే ఒక్క మీట తిప్పితే చక్రం ఊడొచ్చే క్విక్ రిలీజ్ కనిపెట్టాడని చెప్తారు. ఏ ఏడాది జరిగిందో, ఆ రోజు అసలు మంచు పడిందో లేదో అని చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. మంచు పడినా పడకపోయినా మీట మాత్రం నిజం. 1933లో విచెంజాలో ఆయన పెట్టిన కంపెనీ ఇప్పటికీ ఉంది. నాకు ఆ కథలో నచ్చేది వేరు. ఆ మీట వేగం కోసం పుట్టింది కాదు. మంచులో, ఒంటరిగా, పానా లేకుండా, తన చక్రం తను తీసుకోగలగడం కోసం పుట్టింది.

నా కొత్త సైకిలుకు ఆ మీట లేదు. డిస్కు బ్రేకులతో పాటు ఇరుసే గొట్టంలోంచి దూరి మరతో బిగుసుకునే పద్ధతి వచ్చింది. ఆరు మూలల కీ కావాలి.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. యూజెన్ క్రిస్తోఫ్. 1913 టూర్, బయోన్ నుంచి లూషోన్ దాకా పిరెనీ కొండల మీద 326 కిలోమీటర్ల రోజు. తూర్‌మాలె కనుమ ఎక్కేసరికి మొత్తం పోటీలో పైచేయి అతనిదే అయ్యేట్టుంది. దిగుతుంటే ఫోర్కు విరిగింది. నియమం ప్రకారం ఎవరి సైకిలు వాళ్ళే, ఇంకొకరి చెయ్యి పడకుండా, బాగుచేసుకోవాలి. క్రిస్తోఫ్ సైకిలు భుజానేసుకుని కొండ దిగువకు పది కిలోమీటర్ల పైనే నడిచాడు. తనను దాటి వెళ్ళిపోతున్నవాళ్ళను చూస్తూ నడిచాడు. సాంత్ మారీ ద కాంపా అనే పల్లెలో కొలిమి కనపడింది. కమ్మరి ఎలా చెయ్యాలో నోటితో చెప్పొచ్చు, చేత్తో ముట్టుకోకూడదు. పందెం అధికారులు చుట్టూ నిలబడి కాపలా కాశారు. క్రిస్తోఫ్ కుర్రతనంలో తాళాల పని నేర్చినవాడు, ఇనుము అతనికి కొత్త కాదు. మూడు గంటలకు పైగా కాల్చి, కొట్టి, అతికి, ఫోర్కు నిలబెట్టాడు. ఆకలేస్తోందన్న అధికారిని బొగ్గు తినమన్నాడని కూడా చెప్పుకుంటారు.

అంతా అయ్యాక శిక్ష పడింది. సుత్తితో కొడుతున్నప్పుడు రెండు చేతులూ ఖాళీ లేక, కొలిమి తిత్తి ఊదడానికి ఓ పిల్లాడి సాయం తీసుకున్నాడట. దానికి పది నిమిషాలు. తర్వాత దయతలిచి మూడుకు తగ్గించారు.

1919లో టూర్‌లో పసుపు జెర్సీ అనేది పెట్టారు. దాన్ని మొట్టమొదట తొడుక్కున్నది క్రిస్తోఫ్. చివరికి దగ్గరపడ్డాక, మెట్స్ నుంచి డన్‌కర్క్ దారిలో, ఫోర్కు మళ్ళీ విరిగింది. మళ్ళీ తనే అతుక్కున్నాడు. గెలుపు పోయింది. పత్రిక పాఠకులు తట్టుకోలేక చందాలు పోగేసి పంపారు. 1922లో గలీబియే కొండ దిగుతూ మూడోసారి విరిగింది. ఇక నవ్వాలో ఏడవాలో తెలీదు. ఆయన టూర్ ఎప్పటికీ గెలవలేదు, కానీ ఆ పల్లెలో కొలిమి గోడకు ఆయన పేరుతో ఫలకం ఉంది. గెలిచినవాళ్ళలో చాలామందికి అంత భాగ్యం లేదు.

ఇదంతా పెద్దబాపుకు చెప్పాను. ఆయనకు క్రిస్తోఫ్ తెగ నచ్చాడు. పిల్లాడి సంగతి వినగానే నిటారుగా ఉన్నవాడు కాస్తా ముందుకు వంగబోయి, కన్ను గుర్తొచ్చి ఆగాడు. "తిత్తి ఊదుడు రిపేరెట్లయితదిరా? తిత్తి ఊదుడు తిత్తి ఊదుడే. రిపేరంటె సుత్తె దెబ్బ." తీర్పు ఇచ్చేసి, ఆ ఫోర్కు విరిగింది మెడ దగ్గరా కాలు దగ్గరా అని అడిగాడు. నా నోట్సులో అది లేదు.

1929లో విక్తోర్ ఫోంతాది ఇంకా అన్యాయం. పసుపు జెర్సీ వేసుకుని తెల్లవారకముందే బయల్దేరినవాడు, సైకిలు విరిగి, చీకట్లో పల్లెలో తలుపులు తట్టి ఒక సైకిలు అడుక్కున్నాడు. మొదలుపెట్టిన సైకిలుతోనే చేరాలని నియమం ఉంది కాబట్టి విరిగినదాన్ని వీపుకు కట్టుకుని వంద కిలోమీటర్ల పైన తొక్కి, ఇక చేతగాక ఏడుస్తూ ఆగిపోయాడు. పసుపు జెర్సీ వేసుకున్నవాడు ఇలా ఇంటింటికీ తిరిగితే పందేనికి పరువేముంటుందని పత్రికలు గోల చేశాయి. మరుసటి ఏడు, 1930లో, దెగ్రాంజ్ ఈ విషయంలో పట్టు సడలించాడు.

ఆ ఒక్క సడలింపుతో సైకిలు వేరే దారి పట్టిందని నాకనిపిస్తుంది. తొక్కేవాడే బాగుచేయాలి అన్నంతకాలం సైకిలు బాగుచేయడానికి వీలుగా ఉండి తీరాలి. వెనకాల మెకానిక్కు, కారు, కారు మీద ఇంకో సైకిలు వచ్చాక ఆ అవసరం లేదు. విరిగితే పక్కన పడేసి ఇంకోటి ఎక్కడమే. ఎక్కువ బరువు మొయ్యక్కర్లేదు, ఎక్కువ కాలం మన్నక్కర్లేదు, రోడ్డు పక్కన విప్పడానికి అందక్కర్లేదు. దెగ్రాంజ్ నియమం క్రూరమైందే, నాకు అనుమానం లేదు. క్రిస్తోఫ్‌ను అంతసేపు కొలిమి ముందు నిలబెట్టి పిల్లాడి లెక్క కూడా వేసినవాళ్ళను సమర్థించలేను. కానీ సైకిలును మన చేతికి అందే ఎత్తులో పట్టుకుని ఉంచింది కూడా ఆ నియమమే.

1986లో గ్రెగ్ లెమాండ్ కార్బన్ ఫ్రేము మీద టూర్ గెలిచాడు. 2000 వచ్చేసరికి సైకిళ్ళు ఎంత తేలికయ్యాయంటే, పందెం సైకిలు 6.8 కిలోల కన్నా తగ్గకూడదని అంతర్జాతీయ సంఘం నియమం పెట్టాల్సి వచ్చింది. నాది 7.4. ఆ తేడా గురించి షోరూములో అరగంట బాధపడ్డాను. నా పొట్ట దానికి పదింతలుంటుందని అప్పుడు గుర్తు రాలేదు. 2009లో షిమానో బ్యాటరీతో గేర్లు మార్చే డ్యూరా ఏస్ తెచ్చింది. ఇప్పుడు నా సీటు గొట్టంలో బ్యాటరీ ఉంది. గేరు సర్దాలంటే ఫోను తీసి యాప్ తెరవాలి. బ్రేకు ఆయిల్ పైపులు హ్యాండిల్ లోపల్నుంచి ఫోర్కు మెడ పక్కగా ఫ్రేములోకి దిగిపోతాయి. బయటికి ఒక్కటీ కనపడదు.

పెద్దబాపు మెడ దగ్గర వేళ్ళు పెట్టి వెతికాడు. "గుండ్లు అరిగితె?"

"ముందు బ్రేకు పైపులు విప్పాలి. తర్వాత ఆయిల్ మళ్ళీ నింపాలి. షోరూముకు తీసుకెళ్ళాలి పెద్దబాపూ."

"గుండ్లకా?" అన్నాడు. తన షాపులో ఓవరాయిలింగ్‌కి వచ్చిన సైకిలుకు పొద్దున మెడ విప్పి, గుండ్లు కిరసనాయిల్లో కడిగి, గ్రీజులో పేర్చి, మధ్యాహ్నానికల్లా ఇచ్చేసేవాడు. హెర్క్యులెస్ గుండు హీరోకి పట్టేది. అన్నీ పాత ఇంగ్లీషు సైకిలు అచ్చులోంచి దిగినవే కాబట్టి ఊళ్ళో ఒక్క షాపులో అన్నిటికీ సామాన్లు దొరికేవి.

హ్యాండిలు బోల్టు పక్కన సన్నటి అక్షరాలతో 5 న్యూటన్ మీటర్లు అని రాసి ఉంటుంది. అంతకు మించి బిగిస్తే కార్బన్ లోపల చిట్లొచ్చు, పైకి తెలీదు. ఇనుమైతే వంగి చెప్తుంది. అందుకే కొలిచి బిగించే టార్క్ రెంచి కొన్నాను. అంతవరకే అని క్లిక్కుమంటుంది. ఆ క్లిక్కు పెద్దబాపును కొంచెం చిన్నబుచ్చినట్టుంది. "చెయ్యి చెప్పదా?" అన్నాడు. కాసేపటికి తనే, "దీనికి చెప్పదేమోలే," అన్నాడు.

సీటు ఎత్తు ఒక్కటి మాత్రం పాతకాలం లెక్కే చేశాను. గోడకు ఆనుకుని, వట్టి కాళ్ళతో నిలబడి, మందమైన పుస్తకం తొడల మధ్య పైకంటా నొక్కిపట్టి, నేల నుంచి దాని అంచు దాకా కొలిచి, 0.883తో హెచ్చించాలి. సిరిల్ గిమార్ దగ్గర నేర్చుకుని లెమాండ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం. చేతికందిన మందమైన పుస్తకం శబ్దరత్నాకరం. 82 సెంటీమీటర్లు వచ్చింది, సీటు 72.4 దగ్గర పెట్టాను. ఆ నిఘంటువుకు ఇంకేం ఉపయోగాలున్నాయో ఆ కర్త ఊహించి ఉండడు. సూత్రంతో తృప్తి పడనివాడు ఎడ్డీ మెర్క్స్. 1969లో బ్లువా ట్రాకు మీద ఘోరంగా పడ్డాక నడుం సరిగ్గా లేక, జేబులో పానా పెట్టుకుని పందెం మధ్యలోనే సీటు ఎత్తు మార్చుకునేవాడు. ప్రపంచంలోకెల్లా గొప్ప రైడరు, వెనక కారులో మెకానిక్కు, అయినా తన పానా తన జేబులో.

నేనీ సైకిలు ఎందుకు కొన్నానో ఇంకా చెప్పలేదు. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను కూడా.

కిందటేడు విజయవాడ హైవే మీద 300 కిలోమీటర్ల బ్రెవె తొక్కాను. బ్రెవె అంటే పందెం కాదు, గడువులోపు చేరడం. 1904 నుంచి ఫ్రాన్సులో ఆడాక్స్ రైడ్ల మీద అజమాయిషీ సాక్షాత్తూ దెగ్రాంజ్ పత్రికదే. 1921లో తగువొచ్చి విడిపోయిన ప్యారిస్ క్లబ్బు, ఎవరి వేగం వాళ్ళది అనే పద్ధతి పెట్టింది. మనం తొక్కేది అదే. దెగ్రాంజ్ వాసన మాత్రం పోలేదు: వెనక బండి రాకూడదు, మన వాళ్ళెవరైనా సాయం చేయాలంటే కంట్రోల్ పాయింటు దగ్గరే. మధ్యలో ఏం జరిగినా మనమే చూసుకోవాలి.

నకిరేకల్ దాటాక, మామూలు అల్యూమినం సైకిలు, వెనక గేరు పట్టుకునే కొక్కెం విరిగి డిరెయిలర్ చువ్వల్లోకి పోయింది. రోడ్డు పక్కన పంచరు షాపతను వచ్చి చూసి, "ఇది నాతోని గాదన్నా," అన్నాడు. గంటసేపు సైకిలును చూస్తూ కూర్చుని, కూరగాయల బండి ఆపి ఎక్కి వచ్చేశాను. సైకిలు మంచిది కాదు కాబట్టి ఇలా అయింది అని అందరికీ చెప్పాను. చెప్పీ చెప్పీ నేనూ నమ్మాను. నమ్మి నాలుగు లక్షలు పెట్టాను.

పెద్దబాపు అంతా విని, "చైను తెంపి పొట్టిగ జేస్కోకపోయినవా?" అన్నాడు.

"ఏంటి?"

"గేరు సామాను మొత్తం ఊడపీకాలె. చైను తెంపి, ముందొక చక్రం, ఎనకొక చక్రం సూస్కొని పొట్టిగ అతుకాలె. గేర్లుండయ్. ఒట్టి సైకిలైతది. తొక్కుకుంట రావాలె."

నిజమే. అంతే సరిపోయేది. 1937కు ముందు టూర్ తొక్కినవాళ్ళ సైకిలు అయ్యేది అది. చైను తెంపే పనిముట్టు కావాలి అన్నాను నీరసంగా. పాత సైకిలు బాల్కనీలోంచి తెమ్మన్నాడు. సీటు కింద సంచీ విప్పి, మడిచే పనిముట్ల గుత్తి తీసి, ఒక్కొక్కటే వేలితో తడిమి చూశాడు. నాలుగోదో ఐదోదో దగ్గర ఆగి నా చేతిలో పెట్టాడు.

చైను కట్టరు. మూడేళ్ళుగా నా సీటు కిందే ఉంది. నకిరేకల్లో కూడా ఉంది.

వేసవి సెలవుల్లో ఆయన షాపులోనే పెరిగాను నేను. నా పని కిరాయి పుస్తకం. పేరు, తీసుకెళ్ళిన టైము, తెచ్చిన టైము, రూపాయలు. పానా ముట్టనిచ్చేవాళ్ళు కాదు. గ్రీజు చేతులతో ఇంటికెళ్తే బాపు కేకలేసేవాడు. పెద్దబాపే అనేవాడు, "నీకెందుకురా గీ మసి, సదువుకో పో," అని. చదువుకున్నాను. ఆ మాట ఆయనకు గుర్తుందా అని అడుగుదామనుకుని అడగలేదు.

"పాత చైనే గదా," అన్నాడు. "తెంపు. మల్ల అతుకు."

మొదటిసారి పిన్ను పూర్తిగా బయటికి తోసేశాను. అది సోఫా కింద పడింది. మొత్తం తొయ్యొద్దు, వెంట్రుకవాసి లోపలుంచాలి అన్నాడు. ఇంకో లింకు దగ్గర తెంపాను. రెండోసారి అతికితే లింకు బిగుసుకుపోయి వంగలేదు. పక్కలకు ఆడించమన్నాడు. మూడోసారి, నాలుగోసారి. కొత్త సైకిలు గోడకు ఆనుకుని ఉంది, చక్రాలకింకా నేల అంటలేదు. ప్రతిసారీ అతికిన లింకు ఆయన చేతికిస్తే బొటనవేలితో జరిపి చూసి, తల అడ్డంగా ఊపి తిరిగిచ్చాడు. ఎనిమిదోసారికి కాబోలు చూసి వెనక్కివ్వలేదు. ఒళ్ళోనే పెట్టుకుని, "ఇగ ఛాయ్ పెట్టు," అన్నాడు.